సమస్య: "కలము కదలనపుడె కవిత పుట్టె"

నిర్వాహకుడు: ఈమధ్య ఏమీ రాయలేకపోతున్నామని మనవాళ్లు చాలామంది అంటున్నారు. అందుకే ఆ మాటనే సమస్యగా ఇస్తున్నాను. ఇది ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల చిన్న గుంపులు). పై మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించాలి. అవధానంలో, అంటే సభలో అడిగినవాటికి అప్పటికప్పుడు పద్యాలు చెప్పేచోట, పృచ్ఛకుడు (అడిగేవాడు) సమస్య ఇచ్చాక అవధాని ఆవృత్తికి (ఒక్కో చుట్టుకు) ఒక్కో పాదం చెబుతూ వస్తాడు. మధ్యలో నిషిద్ధాక్షరి, దత్తపది, అప్రస్తుత ప్రసంగం వంటి వేరే పరీక్షలు. అంత ఒత్తిడిలో అతన్ని నడిపించేవి గణాలు, యతులే (యతి అంటే పాదం మొదటి అక్షరంతో నడుమ ఒక అక్షరం జత కలవడం). మీకూ ఏమీ తోచకపోతే యతిస్థానం నుంచి మొదలుపెట్టండి. అక్కడ ఏ అక్షరం చెల్లుతుందో దానితో మొదలయ్యే మాటలు ఓ పది రాసుకోండి. వాటిలో ఒకటి భావాన్ని లాక్కొస్తుంది.

బెంగళూరు సభ్యుడు: మొదటి ప్రయత్నం, టెన్షన్‌గా ఉంది గురువుగారూ.

పదము దొరక లేదు బాధతో నేనుంటి
కిటికి తెరిచి చూడ వాన వచ్చె
తడిసి చూచినంత తట్టెను తొలి మాట
కలము కదలనపుడె కవిత పుట్టె

నిర్వాహకుడు: గణాలన్నీ సరిపోయాయి నాయనా. రెండో పాదంలో 'కి'కి 'వా'తో యతి చెల్లదు. ఆటవెలదిలో ప్రాసయతికి (మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలవడానికి) వీలుంది కదా, "లోన నుక్క, బైట వాన వచ్చె" అని చూడు. లోన, వాన కుదిరాయి. పైగా ఉక్కపోత మనసులోదో గదిలోదో చదివేవాళ్లు ఊహించుకుంటారు. అప్పుడు మొదటి పాదంలో 'బాధతో' అవసరమా? ఆలోచించు.

బెంగళూరు సభ్యుడు: ధన్యవాదాలండీ. ఆ పాదం మీరు చెప్పినట్టే మార్చుకుంటాను. 'బాధతో' తీసేస్తే యతికి 'ప' వర్గంలో మరో మాట వెతకాలి.

వరంగల్లు మాస్టారు: భారతంలో 15 పర్వాలు తెనిగించిన తిక్కన కూడా ఒకచోట తోచక ఆగిపోయాడని ఐతిహ్యం. దిక్కుతోచక "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నాడట. లేఖకుడు గురునాథుడు దాన్నే రాసేశాడు. సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి "కురునాథా" అని పిలిచినట్టు సరళాదేశ సంధితో ('కు' 'గు'గా మారి) పద్యం పూర్తయిపోయింది.

ఆశుధార నడుమ నాగెను తిక్కన
యేమి చెప్పుదు నన నెఱిగి వ్రాసె
కొంకులేక యపుడు గురునాథు డామాట
కలము కదలనపుడె కవిత పుట్టె

తెనాలి సభ్యురాలు: కొంకు, గురు యతి చక్కగా పడింది మాస్టారూ. కానీ అన్వయం దగ్గర చిక్కుంది. ఆగింది తిక్కన వాక్కు. గురునాథుడి గంటం కదులుతూనే ఉంది కదా! అలాంటప్పుడు "కలము కదలనపుడె" ఎలా పొసుగుతుంది?

వరంగల్లు మాస్టారు: నిజమేనమ్మా. మూడో పాదం చివర ఒక్క మాట మారుస్తాను.

కొంకులేక యపుడు గురునాథుడు, మదిని
కలము కదలనపుడె కవిత పుట్టె

నిర్వాహకుడు: ఇప్పుడు ఆగిన కలం తిక్కన మనసులోకి వెళ్లింది. సమస్యలోని విరోధం తీరింది. విరుపు కూడా బాగుంది.

తెనాలి సభ్యురాలు: నా పూరణ.

కాగితమ్ము ముందు కాలమంతయు పోయె
పొలము గట్టు మీద పోవుచుండ
నాట్లు వేయు తల్లి నాలుకపై పాట
కలము కదలనపుడె కవిత పుట్టె

నిర్వాహకుడు: ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇది. తక్కిన ఇద్దరి కలాలు ఆగిపోయాయి, ఈ తల్లి చేతిలో అసలు కలమే లేదు. రాయలేనివాడు బయటికి నడిస్తే తన కవిత కాకుండా ఇంకొకరి కవిత ఎదురవడం నన్ను కదిలించింది. ఒక్క చిన్న సవరణ. గట్టు మీద ఎవరు పోతున్నారో తెలియడం లేదు, కాలమే పోతున్నట్టుంది. "పోతి నేను" అంటే యతి చెడదు, కర్తా దొరుకుతాడు.

తెనాలి సభ్యురాలు: తప్పకుండానండీ. ఆ 'నేను' నేనే కాబట్టి దాచక్కర్లేదు.

నిర్వాహకుడు: వచ్చే వారం సమస్య, మళ్లీ ఆటవెలదే: "మాట లేని చోట మాట పెరిగె". పూరణలు శనివారం రాత్రిలోగా పంపండి.