మండువా ఇల్లు: కూల్చాలా, బాగు చేయించాలా?

కొబ్బరితోట:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 1938లో తాతయ్య కట్టించిన మండువా ఇల్లు, మధ్యలో పైకప్పు లేని వాకిలి, చుట్టూ గదులు. అడుగున్నర మందం ఇటుక గోడలు, గానుగ సున్నం, తాటి దూలాలు, పైన పెంకు. అమ్మ ఒక్కతే ఉంటోంది. పోయిన వానలకి వంటింటి మీద దూలం ఒకటి కుంగింది, మండువా చుట్టూ మూడు చోట్ల కారింది, పడమటి గోడకి నడుం ఎత్తు దాకా చెమ్మ ఎక్కింది. అన్నయ్య కూల్చేసి 1400 అడుగుల స్లాబు ఇల్లు వేద్దామంటున్నాడు. కాంట్రాక్టరు వచ్చి పదిహేను రోజుల్లో నేలమట్టం చేస్తానన్నాడు. “ఇదంతా ఎక్కడ పోస్తారండీ” అని అడిగితే వీధి చివర చెరువు వైపు చెయ్యి చూపించాడు. నేను ఈత నేర్చుకున్న చెరువు అది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.
పాత ఇల్లు బాగు చేయించుకుంటే నిజంగా పర్యావరణానికి మేలేనా, లేక ఇదంతా నా మమకారమేనా? అన్నయ్య మమకారం అంటే వినడు, అంకెలు చెబితే వింటాడు.

సైటు ఇంజనీరు:
అంకెలే చెబుతానండి. చదరపు అడుగుకి 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల ఇనుము మేం మామూలుగా వేసుకునే లెక్క. 1400 అడుగులకి 560 బస్తాలు, అంటే 28 టన్నుల సిమెంటు, ఐదున్నర టన్నుల ఇనుము. వీటి తయారీలో టన్ను సిమెంటుకి 600 కిలోలు, టన్ను ఇనుముకి రెండు టన్నులు కార్బన్ డయాక్సైడ్ వదులుతారని తక్కువలో తక్కువ వేసుకున్నా, మొత్తం 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఇటుక, ఇసుక, లారీలు ఇంకా కలపలేదు.
ఇక కూల్చేది. గోడలన్నీ కలిపి 200 అడుగుల పొడవు, 11 అడుగుల ఎత్తు అనుకుంటే దాదాపు 170 టన్నులు. ట్రక్కుకి మూడు టన్నుల చొప్పున ట్రాక్టరు 55 సార్లకి పైగా తిరగాలి. ఆ చెరువు ఉండదండి. కూల్చివేత వ్యర్థాల మీద 2016 నుంచే నిబంధనలున్నాయి. పంచాయతీకి ఒక కాగితం ఇవ్వండి.

పెంకుటింటి చిన్నోడు:
అమ్మాయిగారూ, మాది తణుకు వైపు. ఇలాంటి ఇల్లే రెండేళ్ళ కిందట బాగు చేయించాం. ముందు మీ పడమటి గోడ సంగతి చూడండి. కింద సిమెంటు పూత ఉందేమో వేలితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే జబ్బు అక్కడే ఉంది. మన డెల్టాలో నీరు పైపైనే ఉంటుంది, పునాదిలోంచి చెమ్మ పైకి పాకుతుంది. సున్నం గోడ అయితే ఆ చెమ్మని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. దారి లేక ఆ చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది, చౌడు పడుతుంది, పెచ్చులు ఊడతాయి. మా ఇంట్లో గోడ మీద చెయ్యి వేస్తే అరచేతికి తెల్లటి ఉప్పు అంటుకునేది. సిమెంటంతా గీకించి, ఒక ఎండాకాలం మొత్తం గోడని అలాగే వదిలేశాం. తర్వాత ఒక పాలు నానిన సున్నం, మూడు పాళ్ళు ఇసుక. తడిపిన గోనెపట్టాలు వేలాడదీసి పది రోజులు ఆరకుండా చూసుకున్నాం. సున్నం కాల్చేటప్పుడు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం గట్టిపడేటప్పుడు మళ్ళీ పీల్చుకుంటుందని మా మేస్త్రికి తెలియదు గానీ, “గోడకి ఊపిరాడాలి బాబూ” అని మాత్రం రోజూ అనేవాడు.
దూలం మొత్తం మార్చేయకండి. గోడలో దిగిన చివరే పుచ్చుతుంది. మా వడ్రంగి మూడడుగులు కోసేసి, పాత తలుపు చెక్కతో అతుకు వేసి బోల్టులు బిగించాడు. పెంకులు ఒక్కొక్కటీ దింపి కడిగితే పదింటికి ఏడు మళ్ళీ పైకెక్కాయి.
ఒక్క మాట మాత్రం నిజం. పెంకుటింట్లో ఏసీ పెడితే చల్లదనం సందుల్లోంచి పోతుంది. అమ్మగారికి ఏసీ తప్పదంటే ఒక్క గదికి చెక్క సీలింగు వేయించండి.

నర్సమ్మగారి కోడలు:
పెరట్లో పాత సిమెంటు రేకుల షెడ్డు ఉంటే జాగ్రత్తమ్మా. అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుంది. పగలగొట్టనివ్వద్దు, తడిపి, బోల్టులు విప్పి నిండు రేకుగానే దించాలి. కిటికీల పాత రంగు కూడా పొడిగా గీకించద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువే ఉండొచ్చు. పిల్లలుంటే ఆ నాలుగు రోజులూ దూరంగా ఉంచండి.

కొబ్బరితోట:
ఇప్పుడే వెళ్ళి తట్టి వచ్చానండి. కింద మూడడుగులూ డొల్లే! 2004లో నాన్న వేయించిన సిమెంటు అని అమ్మ చెప్పింది. ఇంజనీరు గారి లెక్క కాగితం మీద రాసుకున్నాను. ఆదివారం అన్నయ్య వస్తున్నాడు. ఆ లోపు ఒక గజం మేర గీకించి ఉంచుతాను, వాడే చెయ్యి పెట్టి చూస్తాడు. తణుకు వైపు ఆ మేస్త్రి మా ఊరు వస్తారా, అడిగి చెప్పగలరా?