విక్టోరియా కాలం ఎస్టేట్‌లో పనివాళ్ళ కట్టడాలు అన్నెందుకు? మన గడీలో ఎందుకు లేవు?

హనుమకొండ_ఆర్కి:
అందరికీ నమస్తే. ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. సెమినార్ కోసం జనగామ వైపు ఒక గడీని (దొర ఉండే కోటలాంటి ఇల్లు) కొలిచి ప్లాన్ గీశాను. దాంతో పోల్చమని మా మేడం ఇంగ్లండ్‌లోని విక్టోరియా రాణి కాలం (1837–1901) ఎస్టేట్ బంగళా ప్లాన్ ఒకటి ఇచ్చారు. వంటకు ఒక గది, గిన్నెలు తోమడానికి ఒకటి, మాంసానికి ఒకటి, పాలకు ఒకటి, బట్టలు ఉతకడానికి ఒకటి, ఇస్త్రీకి ఇంకొకటి! గడీలో నాకు దొరికినవి వంటసాల, ధాన్యం గరిసెలు, పశువుల కొట్టం, గుర్రాల సాల, కచ్చురం (గూడు ఎద్దుల బండి) నిలిపే చోటు మాత్రమే. ఇంత తేడా ఎందుకు? వాళ్ళ చలి వల్లనా, డబ్బు వల్లనా? వచ్చే వారమే ప్రజెంటేషన్, టెన్షన్‌గా ఉంది.

డంగుసున్నం:
బిడ్డా, పాత కట్టడాల మరమ్మతు పని మీద నేను కొన్నేళ్ళు అక్కడ ఉండి వచ్చాను, ఇప్పుడు కాజీపేటలో ఉంటున్నాను. చలి కారణం కాదు. ఆ వెనక భాగంలో వాళ్ళు వెతుక్కున్నది చల్లదనమే. ఫ్రిజ్ లేని రోజులు. పాలకు, పచ్చి మాంసానికి, వేటాడి తెచ్చిన పక్షులకు, వెన్న కలిపిన పిండికి వేరువేరు చల్లదనం, వేరువేరు గాలి కావాలి. అందుకే గదులు విడిపోయాయి.

కార్న్‌వాల్‌లో లాన్‌హైడ్రాక్ అనే ఇల్లుంది. 1881లో వంటింటి పొగగొట్టంలో మొదలైన మంటలకు చాలా భాగం కాలిపోయింది. తిరిగి కట్టినప్పుడు వంటింటి భాగం అప్పటి కొత్త పద్ధతిలో వేశారు. వంటగది కప్పు చాలా ఎత్తు, వేడీ పొగా పైకి పోవాలని. పైనున్న కిటికీలు కింద నుంచే యంత్రంతో తెరవొచ్చు. పాలగదిలో కొండ ఊటనీళ్ళు రాతి అరుగు చుట్టూ సన్నటి కాలువలో పారేలా చేశారు. అది చూస్తే కట్టినవాళ్ళ మీద గౌరవం కలుగుతుంది. కరెంటు లేకుండా, నీటి పారుదలతో, రాయితో పాలు విరగకుండా కాపాడారు.

మాంసం గదికి కిటికీ ఉత్తరం వైపే పెట్టేవారు, ఎండ పడదని. గాజు బదులు ఈగలు దూరని సన్నటి జాలీ. ఈ సూత్రాన్ని మన దగ్గరికి అలాగే తెచ్చుకోకు. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం దగ్గరుంది. మే సగం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. నీ గడీలో గరిసెల గది ఏ దిక్కుకుందో, గోడ మందమెంతో ఒకసారి చూడు.

బట్టలకు రెండు గదులు ఎందుకంటే ఒకటి తడి పని, ఒకటి పొడి పని. పొడి గదిలో రాళ్ళు నింపిన పెద్ద చెక్కపెట్టె ఉండేది. దుప్పట్లు చుట్టిన గుండ్రటి కర్రల మీద దాన్ని అటూ ఇటూ జరిపి మడతలు పోగొట్టేవారు. గుర్రపుశాలలో జీను, పగ్గాల గదికి పొయ్యి తప్పనిసరి, లేకపోతే ఆ తేమకు తోలు బూజు పడుతుంది.

డబ్బు సంగతి కూడా నిజమే. నార్తంబర్‌లాండ్‌లో క్రాగ్‌సైడ్ అనే ఇంట్లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజనీరు నీటి ఒత్తిడితో లిఫ్టు నడిపాడు, వంటింట్లో మాంసం కాల్చే చువ్వను కూడా నీటితోనే తిప్పించాడు.

వీటన్నిటి మీద ఇంకో నియమం. పనివాళ్ళు కనబడకూడదు, వంట వాసన రాకూడదు. దొడ్డిమెట్లు, పొడుగాటి నడవాలు, తీగ లాగితే పనివాళ్ళ వైపు మోగే గంటలు, అన్నీ దానికోసమే.

పాలకుర్తి_ఆడబిడ్డ:
సార్ చెప్పినవి బాగున్నాయి. కానీ చెల్లే, నీ అసలు ప్రశ్నకు జవాబు గడీ గోడ బయట ఉంది. మాది చాకలి ఇల్లు. మా తాతలు గడీకి బట్టలు ఉతికినవాళ్ళు. గడీలో ఉతుకుడు గది ఎందుకు లేదంటే, మా ఇల్లూ చెరువుగట్టు మీది బండా ఉన్నాయి కాబట్టి. కుండల కోసం కుమ్మరి వాము, నాగళ్ళకు వడ్రంగి ఇల్లు, కర్రులకు కమ్మరి కొలిమి. అన్నీ ఊళ్ళోనే, అన్నీ వెట్టికే. ఇంగ్లండ్‌లో పనిమనిషికి జీతంతో పాటు తిండీ పడకా ఇవ్వాలి, కాబట్టి వాళ్ళకు గదులు కట్టారు. ఇక్కడ దొరకు ఆ ఖర్చే లేదు. రాత్రి ఎవరింటికి వాళ్ళు పోయి, పొద్దున మళ్ళీ రావాలి.

గడీలో చాకిరీ చేసినవాళ్ళకు గడీ ప్లాన్‌లో ఒక్క గదీ లేదు. విసునూరు దేశ్‌ముఖ్ మీద కొట్లాడి భూమి నిలుపుకున్న ఐలమ్మ మా పాలకుర్తి మనిషే. ఆమె ఇల్లు లేకుండా గీసే గడీ ప్లాన్ నాకు సగం బొమ్మలాగే కనబడుతుంది.

హనుమకొండ_ఆర్కి:
అక్కా, ఇది మా క్లాసులో ఎవరూ అనలేదు. నా షీట్ ప్రహరీ దగ్గరే ఆగిపోయింది. ఊరిని కూడా కలిపితే పోలిక సరిగ్గా కుదురుతుందా సార్?

డంగుసున్నం:
కుదురుతుంది. అమ్మాయి చెప్పిందే అసలు విషయం, దాన్నే ముందు పెట్టు. వేల్స్‌లో ఎర్డిగ్ అనే ఇల్లు చూడు. ఇల్లు విక్టోరియా కంటే పాతదే. 1973లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. చూడవచ్చినవాళ్ళను వడ్రంగి కొట్టు, కమ్మరి కొలిమి ఉన్న పని ఆవరణలోంచే లోపలికి తీసుకెళ్ళే ఏర్పాటు చేశారు. ఆ కుటుంబం తరతరాలుగా తమ పనివాళ్ళ చిత్రపటాలు గీయించి, ఫొటోలు తీయించి పెట్టుకుంది.

నువ్వు గ్రామ నక్షా సంపాదించు. దాని మీద చెరువు, చాకిరేవు, కుమ్మరి వాము, కొలిమి గుర్తుపెట్టి, ఒక్కోచోటి నుంచి గడీకి నడకదారి గీయి. ఏ ద్వారం గుండా ఎవరిని రానిచ్చేవారో ఊరి పెద్దవాళ్ళను అడుగు, ముఖ్యంగా ఆడవాళ్ళను.

పాలకుర్తి_ఆడబిడ్డ:
ఆదివారం రా చెల్లే. మా అమ్మమ్మకు ఆ దారులన్నీ తెలుసు. పొద్దున్నే రా, ఎండెక్కితే ఆమె నడవలేదు.