ఆరు అంగుళాల అద్దం: గుంట లోతు కొలిచేదెలా?

ప్రశ్న (హనుమకొండ):
టెలిస్కోపు కోసం 150 మిల్లీమీటర్ల అద్దం అరగదీస్తున్నాను. నాభ్యంతరం (అద్దం నుంచి వెలుగు ఒక్కచోట చేరే చోటికి ఉన్న దూరం) 1200 మిల్లీమీటర్లు రావాలి. 80 నంబరు కార్బొరండంతో (ముతక రాపిడి పొడితో) గుంట పడుతోంది. ఇంటర్ ల్యాబుల్లో వాడే గోళమాపకం (మూడు కాళ్ల మీద నిలిచి, నడుమ మరతో వంపు లోతు కొలిచే పరికరం) సంపాదించాను. పెట్టిన ప్రతిసారీ వేరే అంకె చూపుతోంది. నమ్మవచ్చా?

జవాబు (కాజీపేట):
నమ్మకండి. దాని కాళ్ల మధ్య 40 మిల్లీమీటర్లు ఉంటే మీ అద్దానికి చూపాల్సింది 0.11 మిల్లీమీటరే. కనీసపు కొలతేమో 0.01. ఒక్క గీత తప్పితే నాభ్యంతరం సుమారు వంద మిల్లీమీటర్లు మారిపోతుంది! అంచు నుంచి అంచుకు కొలవండి. వ్యాసార్ధం వర్గాన్ని నాభ్యంతరానికి నాలుగు రెట్లతో భాగించాలి: 5625ను 4800తో భాగిస్తే లోతు 1.17. తిన్నని ఉక్కు స్కేలును అద్దం మీద అంచుపై నిలబెట్టి, బైకు మెకానిక్కులు ట్యాపెట్లకు వాడే ఫీలర్ గేజు రేకులను (మందం రాసి ఉండే పలుచని రేకులను) నట్టనడుమ దూర్చండి; బిగుతుగా పట్టిన రేకుల మొత్తం మందమే లోతు. ప్లాస్టిక్ స్కేలు జోలికి మాత్రం పోవద్దు. అద్దం అంచును ఏటవాలుగా అరగదీసి ఉంటే ఆ మేర వ్యాసంలోంచి తీసేయాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. 1.10 దగ్గర రేకులు బిగుస్తున్నాయి. మిగతాది కూడా 80తోనే లాగేయనా?

జవాబు (జనగామ):
వద్దండీ, ఇక 120 నంబరు సన్నపొడికి మారండి. అద్దాన్ని పైన, పనిముట్టును (అద్దంతో రుద్దే జత బిళ్లను) కింద ఉంచి రుద్దితే సన్నపొడి కూడా ఇంకాస్త తవ్వుతుంది. లోతు మించితే అద్దాన్ని కిందికి, పనిముట్టును పైకి మార్చి రుద్దాలి. మధ్యమధ్యలో అద్దం తడిపి, ఎండను నీడలోని గోడ మీదికి మళ్లించండి. వెలుగు మచ్చ అతి చిన్నదైనప్పుడు గోడకూ అద్దానికీ మధ్య దూరమే నాభ్యంతరం. మన వేసవి ఎండకు నీళ్లు ఇట్టే ఆరిపోతాయి, టేపు ముందే పరిచి పెట్టుకోండి. ఆ వెలుగు కంట పడనివ్వకండి.