ర్యాంకు 6.3 శాతం: ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ సీటుకు అవకాశమెంత?

ఫ్రిస్కో_తండ్రి: మా అబ్బాయి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ప్రభుత్వ పాఠశాలలో పదో తరగతి పూర్తి చేశాడు. తన బడి తరగతిలో ర్యాంకు పైనుంచి 6.3 శాతం, కళాశాల ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో 1510. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదవాలని వాడి కోరిక. అక్కడ ర్యాంకుతో నేరుగా ప్రవేశం దక్కే హద్దును 2026 నుంచి 6 శాతం కాకుండా 5 శాతం చేశారు. పోటీ తక్కువగా ఉండే చిన్న ఊరి బడికి మారితే అవకాశం పెరుగుతుందా?

చంద్రం: ఎస్‌ఏటీని పక్కన పెట్టండి. ర్యాంకు 5 శాతం లోపల ఉంటే ప్రవేశం ఖాయం, బయట ఉంటే అదృష్టం. రాష్ట్ర విద్యార్థుల సీట్లలో 75 శాతం దాకా ర్యాంకు వారితోనే నింపుతారు కనుక, తక్కినవారంతా మిగిలిన వాటి కోసమే పోటీ పడాలి. పదకొండో తరగతి చివరి ర్యాంకును చూస్తారు కాబట్టి మీకింకా ఏడాది ఉంది. నేనైతే ఇల్లు మారతాను.

లలిత_ప్లేనో: చంద్రం గారూ, మీరు ఖాయమన్నది విశ్వవిద్యాలయ ప్రవేశం మాత్రమే, శాఖ కాదు. కంప్యూటర్ సైన్స్‌కు వ్యాసాలు, తీసుకున్న కోర్సుల స్థాయి, బడి బయట చేసిన పని, వీటితోపాటు 2025 ప్రవేశాల నుంచి మళ్లీ తప్పనిసరైన ఎస్‌ఏటీ లేదా అలాంటిదే మరో పరీక్ష ఏసీటీ, అన్నీ కలిపి చూస్తారు. మేము డబ్బిచ్చి పెట్టుకున్న సలహాదారు ర్యాంకు ఒక్కటే చాలని చెప్పాడు. మా అమ్మాయి వ్యాసాలను చివరి వారంలో రాసింది. సీటు వచ్చింది గాని కోరిన శాఖ రాలేదు.

శాన్‌హోసే_అమ్మ: మా కాలిఫోర్నియాలో రాష్ట్ర ప్రభుత్వపు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) విశ్వవిద్యాలయాలు ఎస్‌ఏటీ మార్కులను అసలు చూడవు. ఒక రాష్ట్రపు లెక్క మరో రాష్ట్రానికి పనికిరాదు.

చంద్రం: శాఖ తరువాతి మాట. ముందు గడప దాటాలి. లలిత గారి అమ్మాయి దాటింది కదా!

లలిత_ప్లేనో: గడప దాటాక ఏ గదిలో కూర్చోబెడతారో తెలియకుండానే ఆయనను ఇల్లు అమ్ముకోమంటారా?

చంద్రం: మీకు సీటు వచ్చింది కనుక నీతులు చెబుతున్నారు. మా పెద్దవాడు కళాశాల స్థాయిలో ఉండే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు పన్నెండు చదివి కూడా 8 శాతం దగ్గర ఆగిపోయాడు. ఆ కోర్సుల్లో ఒక్కటీ లేని బడిలో చదివిన పిల్లవాడికి మాత్రం తలుపు తెరిచే ఉంది. ర్యాంకుతో నేరుగా ప్రవేశమిచ్చే 1997 నాటి చట్టం మన పిల్లలకు అన్యాయం చేసింది.

లలిత_ప్లేనో: మీ అసలు అభ్యంతరం ఇదన్నమాట. ఆ చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. శ్రీకాకుళం జిల్లాలో నేను చదివిన జిల్లా పరిషత్ పాఠశాలలో ప్రయోగశాలకు ఏడాది పొడవునా తాళమే ఉండేది. మాలో మొదటి ర్యాంకు వచ్చిన అమ్మాయిని పట్నపు కార్పొరేట్ కాలేజీ పిల్లల మార్కులతో పోల్చి ఉంటే ఆమె చదువు ఇంటర్‌తోనే ఆగిపోయేది. మా అక్క కొడుకు చదివిన నూజివీడు ట్రిపుల్ ఐటీలోనూ ప్రభుత్వ బడి పిల్లల పదో తరగతి మార్కులకు కొంత కలిపి చూస్తారు. దొరికిన బడిలో పిల్లవాడు ఎంత ఎదిగాడన్నదే కొలవాలి. మనం ఊరు మారి ఆ ర్యాంకు తీసుకుంటే, అది ఆ ఊరి పిల్లవాడికి దక్కవలసిన చోటు.

చంద్రం: ఊరు మారకూడదని చట్టం చెప్పలేదు. కొడుకు కోసం తండ్రి ఆ దారి పట్టడం తప్పు కాదు.

ఫ్రిస్కో_తండ్రి: ఇవన్నీ చదివాక అబ్బాయినే అడిగాను. రోబోటిక్స్ జట్టును వదిలి ఎక్కడికీ రానన్నాడు. వేసవిలోనే వ్యాసాలు మొదలుపెట్టి, రెండో ఎంపికగా గణితం రాస్తాడు. ఇంటికి దగ్గర్లోని యూటీ డల్లాస్‌లో (డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో) హద్దు 10 శాతం దాకా ఉంది కనుక అక్కడా దరఖాస్తు చేస్తాం. చంద్రం గారూ, మీ పెద్దబ్బాయి చివరికి ఎక్కడ చేరాడు?

చంద్రం: వేరే రాష్ట్రంలో, కంప్యూటర్ సైన్స్‌లోనే చేరాడు. బాగా చదువుతున్నాడు. బయటి రాష్ట్రం వారి ఫీజు మాత్రం రెండోసారి భరించలేను. చిన్నవాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. మేము ఈ వేసవిలోనే ఇల్లు మారుతున్నాం.