ప్లాస్టినేషన్ చేసిన గుండె ముడుచుకుపోయింది, ఎక్కడ తప్పింది?

ప్రశ్న:
అనాటమీ విభాగంలో ట్యూటర్‌ని. ఫార్మలిన్ తొట్టిలోంచి అవయవం తీసి చూపిస్తే ముందు వరుస పిల్లలు కళ్లు తుడుచుకుంటూ పాఠం వింటారు. అందుకే మేక గుండెతో ప్లాస్టినేషన్ (అవయవంలోని నీటి స్థానంలో ప్లాస్టిక్ లాంటి పదార్థం నింపి భద్రపరచడం) ప్రయత్నించాను. ఫార్మలిన్‌లో గట్టిపరచి, నీటిని లాగేసే అసిటోన్ మూడుసార్లు మార్చి, సిలికాన్‌లో ముంచి వాక్యూమ్ పెట్టాను. వాసన పోయింది కానీ గుండె ఎండు ఖర్జూరంలా తయారైంది.

జవాబు:
చివరి అసిటోన్‌ను హైడ్రోమీటర్‌తో చూశారా? స్వచ్ఛత 99 శాతం దాటాలి. చల్లగా ఉండగా కొలిస్తే అంకె తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చూశాను, దాటింది. వాక్యూమ్ మాత్రం ఒక్క మధ్యాహ్నంలోనే పూర్తిగా లాగేశాను.

మరో జవాబు:
దొంగ దొరికాడు! అసిటోన్ ఆవిరై బయటికి వస్తుంటే ఆ చోటులోకి సిలికాన్ మెల్లగా చేరాలి. 1977లో హైడెల్‌బర్గ్‌లో గుంథర్ ఫాన్ హాగెన్స్ కనిపెట్టిన పద్ధతికి ఇదే ప్రాణం. సిలికాన్ చిక్కన, దానికి తొందర తెలియదు. అసిటోన్‌ను తరిమేస్తే కండ కుంగిపోతుంది. నేను వాక్యూమ్ మీటరు కంటే పైకి తేలే అసిటోన్ బుడగలనే నమ్ముతాను. ఒక్కొక్కటిగా తేలుతుంటే సరే. పులుసులా తెర్లితే వాల్వు తిప్పి కాస్త గాలి వదులుతాను. మైనస్ 15 డిగ్రీల దగ్గర వారాలు పట్టినా పట్టనివ్వండి. ఈసారి గట్టిపరిచేటప్పుడే గుండె గదుల్లో ఫార్మలిన్ నింపి ఉబ్బించండి, పలుచని కర్ణికలు అతుక్కోవు.

అన్నట్టు, అసిటోన్ మామూలు ఫ్రిజ్‌లో పెట్టలేదు కదా? దాని ఆవిరి భగ్గుమనడానికి థర్మోస్టాట్ నిప్పురవ్వ ఒక్కటి చాలు.

ప్రశ్న అడిగినవారు:
విభాగం ఫ్రిజ్‌లోనే ఉంది, పాల ప్యాకెట్ పక్కన. వెళ్తున్నాను.