తచ్చాడటం అంటే తప్పు చేయడమా?

మహేంద్రతనయ ఒడ్డు:
ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి వీధిలో నోటీసు అంటించారు: "రాత్రి తొమ్మిది దాటాక కుర్రాళ్లు అరుగుల దగ్గర తచ్చాడరాదు." అరుగు మీద కూర్చున్న మా తమ్ముడికి అది చూపించి లేపేశారు. ఊరికే ఉండటమూ తచ్చాడటమూ ఒకటేనా? పెద్దలు చెప్పండి.

పాతపట్నం మాష్టారు:
ఒకటి కాదమ్మా. పని లేక ఊరంతా తిరిగితే బలాదూరు తిరుగుడు. ఒకేచోట అటూ ఇటూ మసలుతూ, ఏదో కావాలని ఉండీ బయటపడకపోతే తచ్చాడటం. అందులో అనుమానం ఉంది. "మీ నాన్నగారు మా వాకిట్లో తచ్చాడుతున్నారు" అని ఎవరితోనైనా అనండి, ఊరుకుంటారా?

మహేంద్రతనయ ఒడ్డు:
అనుమానం ఆ మాటలోనే ఉంటే పేపర్లో "అనుమానాస్పదంగా తచ్చాడుతున్న" అని ఎందుకు రాస్తారు?

పాతపట్నం మాష్టారు:
"గట్టిగా అరిచాడు" అనమా? అరుపులో గట్టితనం లేదా?

గుణుపురం గుంటడు:
మాయమ్మ గారెలు వేపేటప్పుడు "ఏట్రా, పొయ్యికాడ తచ్చాడతన్నావు" అంటాది. నాను దొంగనేటి?

రాయగడ రైలు:
గారెల కోసమేగా తిరిగావు. మాష్టారిదే రైటు.

గుణుపురం గుంటడు:
ముద్దుగా అంటాది!

పాతపట్నం మాష్టారు:
ముద్దుమాట నోటీసుకు పనికిరాదు. మీ ఒడిశా వైపు పిల్లలు చాలామంది బళ్లో తెలుగు చదవరు, అందుకే ఈ తేడాలు పోతున్నాయి. నా మేనల్లుడు అక్కడే పెరిగాడు, తెలుగులో నాలుగు ముక్కలు రాయలేడు. ఆ బాధ నాది.

మహేంద్రతనయ ఒడ్డు:
మళ్లీ అదే! ఎప్పుడు నోరు తెరిచినా మీ తెలుగు తక్కువ అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మేం ఎక్కడికీ కదల్లేదు. గీత గీస్తే మీరు అటు, మేం ఇటు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మాస్టరుగా చేరింది మా ఊరి బళ్లోనే. జనం మాట్లాడే తెలుగు కోసం గ్రాంథికవాదులతో అంత పోరాడారే, ఆ లెక్కన గుంటడి అమ్మ మాటకు విలువ లేదా?

పాతపట్నం మాష్టారు:
గిడుగువారు వాడుక మాట బడికి రావాలన్నారు. చెప్పే బడే లేకపోతే ఎక్కడికి రావాలి?

బరంపురం బాబాయి:
ముందు నోటీసు సంగతి తేల్చండి.

మహేంద్రతనయ ఒడ్డు:
బడి కావాలని మేమూ అడుగుతూనే ఉన్నాం మాష్టారూ, తప్పు మా మీద వేయకండి. సరే, మీ అర్థమే తీసుకుంటాను. అప్పుడు మా తమ్ముణ్ణి దొంగలా చూసినట్టే. "కూర్చోరాదు" అని రాసి కింద సంతకాలు పెట్టమని రేపు అడుగుతాను.

పాతపట్నం మాష్టారు:
అడగండి, నేనూ వస్తాను. అర్థం మాత్రం నేను చెప్పిందే.