55 అంగుళాల టీవీని అట్టపెట్టె లేకుండా ఎలా తరలించాలి?

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్‌కి ఇల్లు మారుతున్నాం. మిగతా సామాన్లన్నీ ఒక ఎత్తు, మా 55 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ ఒక్కటే ఒక ఎత్తు. దాని అట్టపెట్టె, థర్మాకోల్ అటక మీద చోటు లేక పోయినేడాదే పాత సామాన్ల బండికి వేసేశాం.

ఇంతకుముందు ఇల్లు మారినప్పుడు పాత టీవీని పరుపు మీద పడుకోబెట్టి తెచ్చారు. పైకి గీత కూడా పడలేదు, కానీ ఆన్ చేస్తే తెరంతా చారలు. ప్యానెల్ మార్చాలంటే దాదాపు కొత్త టీవీ అంత ఖర్చన్నారు. ఇప్పుడున్నది నాన్న రిటైరయ్యాక ఇష్టపడి కొన్నది, అందుకే ఇంత టెన్షన్.

నిలబెట్టే తీసుకెళ్లాలి, స్టాండు విప్పేయాలి అన్నంతవరకు తెలుసు. తెరకి మెత్తటి నూలు దుప్పటి చుట్టి, ఆపైన బబుల్ వ్రాప్ వేస్తే సరిపోతుందా, గట్టి అట్ట కూడా కావాలా? టాటా ఏస్‌లో రెండు పరుపుల మధ్య నిలబెట్టి తాడుతో బిగిస్తే ఆ ఒత్తిడికే ప్యానెల్ పగలదు కదా? ఇంకో సంగతి, ఈ సైజు ఖాళీ పెట్టెలు కోఠిలో టీవీ షాపుల వాళ్లని అడిగితే ఇస్తారా? పైగా వానలు పడుతున్నాయి. ఇలా తరలించిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.